జంతికలు నలగకుండా, పచ్చడి ఉబ్బకుండా: ఏ వాక్యూమ్ మిషన్ కొనాలి?

ప్రశ్న: మాది పశ్చిమ గోదావరి జిల్లాలో ఒక చిన్న ఊరు. మా అత్తగారూ నేనూ కలిసి నాలుగేళ్లుగా జంతికలు, చేగోడీలు, సున్నుండలు, కారప్పొడులు, పచ్చళ్లు చేసి హైదరాబాదుకూ, అమెరికాలో ఉన్న మనవాళ్లకూ కొరియర్‌లో పంపుతున్నాం. కిందటేడు బల్ల మీద పెట్టుకునే చిన్న వాక్యూమ్ మిషన్ ఒకటి కొన్నాం. అందులో పెట్టిన జంతికలు నలిగి పిండవుతున్నాయి. ఆవకాయ పెడితే నూనె మిషన్‌లోకి పోతోంది. ఈమధ్య చికెన్ పచ్చడి ప్యాకెట్లు కొన్ని పది రోజులకే ఉబ్బాయని ఫోన్లు వచ్చాయి. ఇప్పుడు ఒక డీలరు గ్యాస్ కూడా నింపే ఛాంబర్ మిషన్ తీసుకోమంటున్నారు. ఇంకొకరు 99.9 శాతం వాక్యూమ్ వచ్చే మిషన్ ఇస్తాను, ఏది పెట్టినా ఆరు నెలలు ఢోకా లేదంటున్నారు. మా అబ్బాయేమో సాంబారు, పప్పు, పులిహోర కూడా ఇలాగే ప్యాక్ చేసి అమ్ముదామంటున్నాడు. ఏ మిషన్ కొనమంటారు?
— ఒక పాఠకురాలు

సమాధానం:

అమ్మా,

మీరు అడిగిన వరసలో కాకుండా, తొందరగా తేల్చవలసిన దానితో మొదలుపెడతాను. ఉబ్బిన ప్యాకెట్లు వచ్చిన ఆ చికెన్ పచ్చడి ఏ రోజు చేసిందో చూసుకుని, ఆ రోజు చేసిన దానిలోంచి ఎవరెవరికి పంపారో వారందరికీ ఈరోజే ఫోన్ చేసి, తినవద్దనీ, రుచి కూడా చూడవద్దనీ, ప్యాకెట్ విప్పకుండానే పారేయమనీ చెప్పండి. డబ్బు వెనక్కి ఇవ్వవలసి వస్తే ఇచ్చేయండి. పచ్చడి ప్యాకెట్ ఉబ్బిందంటే లోపల ఏదో బతికి ఉండి, ఆ పచ్చడినే తింటూ వాయువు వదులుతోందని అనుకోవాలి. చాలాసార్లు అది ఈస్టో, పులుపు పుట్టించే బాక్టీరియానో అయి ఉంటుంది. కానీ వాసన చూసి అది ఫలానాదని తేల్చగలిగిన ముక్కు ఎవరికీ లేదు.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. వాక్యూమ్ అన్నది క్రిములను చంపే పద్ధతి కాదు. కవరులోంచి గాలి తీసేస్తే బూజు పట్టదు, నూనె తొందరగా మక్కదు, గాలి అవసరమైన బాక్టీరియా నెమ్మదిస్తుంది. దాని పని అంతవరకే. గాలి లేని చోటనే పెరిగే జాతులు కొన్ని ఉన్నాయి, వాటిలో మొదట భయపడవలసినది క్లాస్ట్రీడియం బొట్యులినమ్. అది మట్టిలో ఉంటుంది కనుక అల్లంతోనో వెల్లుల్లితోనో వంటింట్లోకి వస్తుంది. దాని బీజాలు నీళ్లు మరిగే వేడికి చావవు. అనువైన చోటు దొరికితే అవి మొలకెత్తి, నరాలను పడగొట్టి ఊపిరి తీసే కండరాలను ఆపేసే విషాన్ని తయారుచేస్తాయి. ఆ విషం ఉన్న ప్యాకెట్ ఉబ్బవచ్చు, ఉబ్బకపోవచ్చు కూడా. 1963లో అమెరికాలో గ్రేట్ లేక్స్ ప్రాంతపు పొగబెట్టిన చేపలను వాక్యూమ్ కవర్లలో పెట్టి, దారిలో చల్లదనం లేకుండా పంపినప్పుడు, అవి తిన్నవారిలో కొందరు ఈ విషం వల్లనే చనిపోయారు.

దీనిని అడ్డుకునేవి పులుపు, తేమ లేకపోవడం. పులుపును కొలిచే పీహెచ్ అనే అంకె, పులుపు పెరిగేకొద్దీ తగ్గుతుంది; అది 4.6 కన్నా తక్కువగా ఉంటే ఆ క్రిమి పెరగలేదు. తేమ సంగతికి వస్తే, పదార్థంలో క్రిములకు అందేలా ఎంత నీరు ఉందో చెప్పే వాటర్ యాక్టివిటీ అనే కొలత ఒకటి ఉంది. అది 0.94 కన్నా తగ్గితే ఈ క్రిమి ఆగుతుంది, మిగిలిన రోగకారక బాక్టీరియాను కూడా దృష్టిలో పెట్టుకుంటే 0.85 లోపు ఉండటం క్షేమం. మన ఆవకాయ తరతరాలుగా ఎవరికీ హాని చేయకపోవడానికి మామిడికాయ పులుపూ, ఉప్పూ కారణం. చికెన్ పచ్చడికి ఆ రక్ష పుట్టుకతో లేదు. మాంసం పీహెచ్ సుమారు 6 దగ్గర ఉంటుంది, నిమ్మరసం పైన పిండుతాం. మసాలా నాలుకకు పుల్లగా తగిలినంత మాత్రాన వేలెడు ముక్క నడిమధ్య కూడా అంత పులుపు చేరిందని చెప్పలేం. సీసాలో పెట్టి నూనెలో ముంచినా ఇదే సమస్య, ఎందుకంటే నూనెలో మునిగిన ముక్కకు కూడా గాలి తగలదు. అందుచేత ముక్కలు చిన్నవిగా కోసి, లోపలి తడి పూర్తిగా పోయేదాకా వేయించి, నిమ్మరసం కలిపిన తరువాత రెండు మూడు రోజులు ఫ్రిజ్‌లో ఊరనిచ్చి, ఆ ముక్కలను ఎన్‌ఏబీఎల్ (ప్రయోగశాలలకు గుర్తింపునిచ్చే జాతీయ మండలి) గుర్తింపు ఉన్న ప్రయోగశాలకు ఇచ్చి పీహెచ్, వాటర్ యాక్టివిటీ రెండూ కొలిపించండి. ఆ రెండు అంకెలు చేతికి వచ్చేదాకా చికెన్ పచ్చడిని వాక్యూమ్ చేయడమూ వద్దు, దూరాభారం పంపడమూ వద్దు. అమెరికాకు పంపే మాటయితే అసలే వద్దు, మన దేశం నుంచి వచ్చే కోడి, మేక మాంసం పచ్చళ్లను అక్కడి నిబంధనలు అనుమతించవు.

ఇక యంత్రాల సంగతి.

మీ దగ్గర ఉన్నది కవరు మూతి దగ్గర పెట్టి గాలి పీల్చే రకం. అందులో కవరు బయట మామూలు గాలి ఉంటుంది, లోపలి నుంచి పంపు లాగుతుంది. ఆ లాగుడుకు గాలితోపాటు నూనె కూడా కదిలి మూతి వైపు రావడం సహజం, కనుక అది మీ చేతి తప్పు కాదు. ఛాంబర్ యంత్రం పద్ధతి వేరు. కవరును మొత్తంగా ఒక పెట్టెలో పడుకోబెట్టి, మూత వేసి, పెట్టెలోని గాలినంతా తీసేస్తారు. కవరు లోపలా బయటా ఒత్తిడి ఒకే తీరున తగ్గుతుంది కనుక ద్రవాన్ని ఒకవైపుకు లాగే బలమేదీ ఉండదు. ఆ స్థితిలోనే మూతి దగ్గరి సీలింగ్ పట్టీ వేడెక్కి కవరు అతుక్కుంటుంది, ఆ తరువాత గాలిని తిరిగి పెట్టెలోకి వదులుతారు. కవరు బిగుసుకునేది ఆ ఆఖరి క్షణంలోనే.

మీ జంతికలు పిండవడానికి కారణమూ అక్కడే ఉంది. మన చుట్టూ ఉన్న గాలి ప్రతి చదరపు సెంటీమీటరు మీదా సుమారు ఒక కిలో బరువుతో ఒత్తుతూ ఉంటుంది. లోపల కూడా గాలి ఉన్నంతసేపూ మనకది తెలియదు. 15 సెంటీమీటర్ల వెడల్పు, 20 సెంటీమీటర్ల పొడవు ఉన్న కవరులోంచి గాలి తీసేశారంటే, దాని ఒక్కో ముఖం మీద 300 కిలోల బరువు పెట్టినట్లే. నాలుగు బియ్యం బస్తాల కింద జంతికల పొట్లం పెట్టి, పొద్దున్నే తీసి చూస్తే ఎలా ఉంటుందో అలాగే ఉంటుంది. పూతరేకుల వాళ్లెవరైనా మిమ్మల్ని సలహా అడిగితే ఈ మాట తప్పక చెప్పండి. బోర్లించిన కుండ మీద గుడ్డతో తీసిన ఆ పొర మీద ఊదితేనే లేచిపోతుంది, 300 కిలోల కింద దాని గతి ఏమవుతుందో చెప్పనక్కరలేదు.

కరకరలాడే పిండివంటలకు కావలసినది వాక్యూమ్ కాదు, నైట్రోజన్. జంతికలను పాడుచేసేవి ముఖ్యంగా రెండు: ఆక్సిజన్ తగిలి నూనె మక్కడం, తేమ తగిలి మెత్తబడటం. గాలిలో 78 శాతం నైట్రోజనే, తంటా అంతా 21 శాతం ఉన్న ఆక్సిజన్‌తోనే. గ్యాస్ సౌకర్యం ఉన్న ఛాంబర్ యంత్రం ముందు గాలిని తీసేసి, ఆ ఖాళీలోకి సన్నని గొట్టాల గుండా నైట్రోజన్ నింపి, అప్పుడు సీల్ వేస్తుంది. లెక్క చూడండి. పెట్టెలో వాతావరణ ఒత్తిడి సుమారు 1,013 మిల్లీబార్లు, 99 శాతం గాలి తీశాక మిగిలేది 10, అందులో ఆక్సిజన్ వాటా 2. దానిమీద 500 మిల్లీబార్ల దాకా నైట్రోజన్ నింపితే కవరులో ఆక్సిజన్ అర శాతం కూడా ఉండదు. చిప్స్ ఫ్యాక్టరీల్లో గాలి తీయకుండా నైట్రోజన్ ఊదుతూనే నింపే నిలువు యంత్రాలు వేగంగా నడుస్తాయి గానీ, వాటిలో 2, 3 శాతం ఆక్సిజన్ మిగలడం మామూలే. వేగం విషయంలో మీరు వాళ్లతో పోటీ పడలేరు, నిల్వ నాణ్యతలో మాత్రం పడగలరు.

నైట్రోజన్ ఎంత నింపాలన్నది మీరు చేసి చూసి కుదుర్చుకోవలసిన సంగతి. సీల్ పడ్డాక బయటి గాలి తిరిగి వచ్చి ఒత్తినప్పుడు కవరు కొంత కుంచించుకుపోతుంది కనుక, తక్కువ నింపితే జంతికల కొసలు కవరును పొడుస్తాయి. అలాగని బూరలా నింపవద్దు, ముఖ్యంగా విమానంలో వెళ్లేవాటికి. ఎగిరే విమానంలో లోపలి ఒత్తిడి సుమారు 8,000 అడుగుల కొండ మీద ఉన్నంతే ఉంటుంది, అంటే 750 మిల్లీబార్ల చిల్లర. ఇక్కడ బిగువుగా నింపిన కవరులోని వాయువు అక్కడ మూడో వంతు పెరగాలని చూస్తుంది, బలహీనమైన సీల్ ఉంటే అక్కడే నోరు తెరుస్తుంది. బొటనవేలితో నొక్కితే కొంచెం లోపలికి పోయేంత వదులు ఉంచండి.

నైట్రోజన్ సిలిండరు ఖర్చుకు జంకవలసిన పనిలేదు. 47 లీటర్ల సిలిండరులో 150 బార్ల ఒత్తిడితో నింపినది బయటకు వస్తే 7,000 లీటర్లవుతుంది. ఒక్కో ప్యాకెట్‌కు లీటరు పట్టినా, పెట్టెలోకి చిమ్మి వృథా అయ్యేది అంతకు రెట్టింపు వేసుకున్నా, 2,000 ప్యాకెట్లకు పైగా వస్తాయి. ఆహార పదార్థాలకు వాడదగిన నైట్రోజన్ అని బిల్లు మీద రాయించుకోండి, వెల్డింగ్ షాపులకు వేసే సిలిండరు ఇస్తామంటే ఒప్పుకోకండి. సిలిండరును నిలువుగా గోడకు గొలుసుతో కట్టి ఉంచాలి. ఆ గదికి కిటికీ తెరిచి ఉండాలి, ఎందుకంటే నైట్రోజన్‌కు రంగూ వాసనా లేవు, మూసిన గదిలో కారితే ఊపిరాడదన్న సంగతి తెలిసేలోపే మనిషి పడిపోతాడు.

ఒక మాట మాత్రం మనసులో పెట్టుకోండి. నైట్రోజన్ ఉన్న మంచితనాన్ని నిలబెడుతుందే తప్ప పోయినదాన్ని తిరిగి తేలేదు. మూడు రోజులు వాయిలు వేయించిన నూనెలోనే నాలుగో రోజు జంతికలు వేస్తే, ఆ నూనె అప్పటికే విరిగి ఉంటుంది కనుక కవరులో ఆక్సిజన్ లేకపోయినా మక్కు వాసన వస్తుంది. వేయించే నూనెలో టోటల్ పోలార్ కాంపౌండ్స్ అనే చెడు పదార్థాలు 25 శాతం దాటకూడదని మన ఆహార భద్రతా సంస్థ నియమం పెట్టింది, దానిని కొలిచే చేతి మీటర్లు కూడా దొరుకుతున్నాయి. జంతికలు పూర్తిగా చల్లారాకే కవరులో వేయాలన్నది మీకు నేను చెప్పనక్కరలేదు గానీ, వానాకాలంలో చల్లారబెట్టిన పళ్లెం మీద మూత లేకుండా రెండు గంటలు వదిలేస్తే అవి తేమ తాగేస్తాయన్నది మీ పనివాళ్లకు చెప్పవలసి రావచ్చు.

పొడులకూ సున్నుండలకూ ఇంత తతంగం లేదు. కారప్పొడిని వాక్యూమ్ చేస్తే ఇటుకలా గట్టిపడుతుంది, కవరు విప్పి నలిపితే విడిపోతుంది, కొనేవారు దానికి అలవాటు పడ్డారు. ఇబ్బందల్లా పొడి లేచి సీల్ పడే చోట అంటుకోవడం, కొంత పంపులోకి పోవడం. గాలిని ఒక్కసారిగా కాకుండా మెల్లగా తీసే సర్దుబాటు, పంపు ముందు ఫిల్టరు ఉన్నాయో లేవో చూసుకోండి. సున్నుండలను గట్టిగా బిగిస్తే గుండ్రం పోయి నెయ్యి కవరుకు అంటుతుంది, వాటికి జంతికల పద్ధతే మేలు.

ఆవకాయ గురించి మీరు ఎక్కువ జాగ్రత్త పడాలి. ఛాంబర్ యంత్రంలో నూనె ఎగబాకదని చెప్పాను, అయితే పొంగే ప్రమాదం ఉంది. పచ్చడిలో చిక్కుకున్న గాలి బుడగలు వాక్యూమ్‌లో పెద్దవై నురగలా పైకి లేస్తాయి. కనుక కవరును సగానికి మించి నింపకండి, మూతి వైపు ఎత్తుగా ఉండేలా కింద ఒక పలక పెట్టండి, మూతి లోపలి అంచును మడతపెట్టి నింపి, ఆ తరువాత విప్పితే సీల్ పడే చోట నూనె అంటదు. నూనె అంటిన చోట పడిన సీల్ కంటికి బాగానే కనిపిస్తుంది గానీ కొరియర్ సంచిలో నాలుగు కుదుపులకే ఊడిపోతుంది. 90 శాతం వాక్యూమ్ ఆవకాయకు చాలా ఎక్కువే, ఆ పైన తీసినందువల్ల ఒరిగేదేమీ లేదు. సీల్ వేసిన కవరును ఇంకో కవరులో పెట్టి మళ్లీ సీల్ వేయడం మాత్రం మానకండి.

వేడి పదార్థాన్ని ఎప్పుడూ ఛాంబర్‌లో పెట్టకండి. ఒత్తిడి తగ్గేకొద్దీ నీరు తక్కువ వేడికే మరుగుతుంది. 60 డిగ్రీల వేడిలో ఉన్న నీరు 200 మిల్లీబార్ల దగ్గరే మరగడం మొదలుపెడుతుంది, 25 డిగ్రీల నీరయితే 32 మిల్లీబార్ల దగ్గర మరుగుతుంది. నేను ఈ పనిలోకి వచ్చిన కొత్తలో, మధ్యాహ్నం లోపల సరుకు వెళ్లాలన్న తొందరలో, ఆవిరి చిమ్ముతున్న పులిహోరను కవర్లలో నింపి వరసగా ఛాంబర్‌లో పెట్టించాను. మూత అద్దం వెనక అన్నం ఉడుకుతున్నట్లు ఎగిరింది, సీళ్లన్నీ ముడతలు పడ్డాయి, సాయంత్రానికి పంపు పక్కన నూనె కనిపించే చిన్న గాజు కిటికీలోకి చూస్తే తేనె రంగులో ఉండవలసిన నూనె చిలికిన మజ్జిగలా తెల్లగా ఉంది. ఆ ఆవిరంతా పంపు నూనెలో కలిసిపోయింది. రెండుసార్లు నూనె మార్చి, పంపును ఖాళీగా గంటసేపు తిప్పితే గానీ అది మళ్లీ దారికి రాలేదు. మీరు రోజూ పని మొదలుపెట్టే ముందు ఆ కిటికీలోకి ఒకసారి చూసే అలవాటు చేసుకుంటే, యంత్రానికి వచ్చే జబ్బుల్లో సగం ముందే తెలుస్తాయి.

99.9 శాతం అంటున్న రెండో డీలరు మాటకు ఇదే జవాబు. 99 శాతమంటే మిగిలేది 10 మిల్లీబార్లు, 99.9 అంటే ఒకటి. తడి ఉన్న ఏ పదార్థమైనా 30 మిల్లీబార్ల దగ్గరే ఆవిరి వదులుతూ ఉంటుంది కనుక, పచ్చడి లోపల ఉండగా ఆ ఒక మిల్లీబారు మీకు ఎన్నటికీ రాదు, పొడి పదార్థాలకు దాని అవసరమూ లేదు. ఇక ‘ఏది పెట్టినా ఆరు నెలలు’ అన్నవారి దగ్గర యంత్రం కొనకపోవడమే మంచిది. ఆరు నెలలు నిలిచేదీ, ఆరు రోజులు నిలిచేదీ తేల్చేవి మీ వంట, ఆ తరువాత కవరు.

కవరు గురించి ఎవరూ తగినంతగా మాట్లాడరు, నష్టాలు మాత్రం ఎక్కువగా అక్కడే వస్తాయి. మామూలు పాలిథిన్ నీటిని ఆపుతుంది గానీ ఆక్సిజన్‌ను ఆపదు. 25 మైక్రాన్ల (మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్) మందం ఉన్న పాలిథిన్ ఒక చదరపు మీటరు మేర రోజుకు కొన్ని వేల మిల్లీలీటర్ల ఆక్సిజన్‌ను లోపలికి రానిస్తుంది, 15 మైక్రాన్ల నైలాన్ కొన్ని పదుల మిల్లీలీటర్లను, వెండిలా మెరిసే మెటలైజ్డ్ పాలిస్టర్ ఒకటి రెండింటిని మాత్రమే. అందుచేత పాలిథిన్ కవరులో నైట్రోజన్ నింపడం, జల్లెడలో నీళ్లు పట్టడం ఒకటే. పచ్చళ్లకూ పొడులకూ లోపల పాలిథిన్, బయట నైలాన్ పొరలుగా ఉన్న 80, 90 మైక్రాన్ల కవరు వాడండి. జంతికలకు వెలుతురు కూడా శత్రువే కనుక మెటలైజ్డ్ పొర ఉన్న కవరు తీసుకోండి. లోపలి సరుకు కనిపించకపోతే కొనరేమోనని మీరు వెనకాడవచ్చు, ముందువైపు ఒక చిన్న కిటికీ పెట్టించుకుందామని కూడా అనిపిస్తుంది, కానీ ఆక్సిజన్ ఆ కిటికీలోంచే వస్తుంది. మీ పాత యంత్రానికి వాడే గీతల కవర్లు ఛాంబర్ యంత్రానికి అక్కరలేదు, నునుపు కవర్లు చాలు, అవి చవక కూడా. పాత యంత్రాన్ని అమ్మేయకండి, పొడులకు అది బాగానే పనికొస్తుంది.

మీ అబ్బాయి ఆలోచనకు నా జవాబు ఖచ్చితంగా వద్దనే. సాంబారు, పప్పు అంత పుల్లనివీ కావు, పొడివీ కావు. వాటిని వాక్యూమ్ కవరులో పెట్టి బీరువాలో దాచడమంటే పైన చెప్పిన బీజాలకు పరుపు వేసి పడుకోబెట్టడమే. దుకాణాల్లో ఫ్రిజ్ లేకుండా దొరికే పప్పు ప్యాకెట్లను సీల్ వేశాక రిటార్ట్ అనే ప్రెషర్ పాత్రలో 121 డిగ్రీల వేడి దాకా ఉడికిస్తారు. ఆ కవరు వేరు, ఆ యంత్రం వేరు, ఆ లైసెన్సు వేరు, అది ఇంటి వ్యాపారంగా చేయదగిన పని కాదు. పులిహోరలో చింతపండు పులుపు ఉన్నా ప్రతి మెతుకుకూ సమంగా పడుతుందని చెప్పలేం, దానిని చేసిన రోజునే అమ్ముకోండి.

మొదటి డీలరు ‘కంట్రోల్డ్ అట్మాస్ఫియర్’ అన్న మాట కూడా వాడి ఉంటారు. నిజానికి ఆ మాట ఆపిల్ పండ్లను నెలల తరబడి దాచే గోదాములది, అక్కడ గదిలోని ఆక్సిజన్‌నూ కార్బన్ డయాక్సైడ్‌నూ నిరంతరం కొలుస్తూ సరిచేస్తూ ఉంటారు. 1920లలో కేంబ్రిడ్జిలో ఫ్రాంక్లిన్ కిడ్, సిరిల్ వెస్ట్ అనే శాస్త్రవేత్తలు ఆపిళ్ల మీద చేసిన పనితో అది స్థిరపడింది. కవరులో ఒకసారి నింపి మూసేసే వాయువును తరువాత ఎవరూ సరిచేయరు కనుక దాని సరైన పేరు మార్చిన వాతావరణం (మోడిఫైడ్ అట్మాస్ఫియర్). అందులోనూ పదార్థాన్ని బట్టి పాళ్లు మారతాయి. రొట్టెలకూ చేపలకూ బూజునూ బాక్టీరియానూ అణచే కార్బన్ డయాక్సైడ్ కలుపుతారు. ఎర్రని మాంసం రంగు నిలబడటానికి ఆక్సిజన్‌నే 70, 80 శాతం నింపుతారు. మీకు ఆ అవసరం లేదు గానీ, ఎవరైనా అలాంటి మిశ్రమం వాడి చూద్దామంటే మాత్రం ఒప్పుకోకండి. మామూలు పంపు నూనె అంత ఆక్సిజన్ తగిలితే అంటుకుని పేలవచ్చు, దానికి ప్రత్యేకమైన నూనె, పంపు ఉంటాయి. కోసిన కూరగాయలనూ వాక్యూమ్ చేయకండి, అవి కవరులో కూడా ఊపిరి తీస్తూనే ఉంటాయి.

మీరు తీసుకోవలసినది ఇది: బల్ల మీద పెట్టుకునే ఒకే ఛాంబర్ యంత్రం, 400 మిల్లీమీటర్ల సీలింగ్ పట్టీ, గంటకు 20 ఘనపు మీటర్ల గాలి లాగే పంపు, నైట్రోజన్ నింపే గొట్టాలు. ఆ పట్టీ మీద రెండు కవర్లు పక్కపక్కనే పడతాయి. ఒక్కో దఫాకు అర నిమిషం నుంచి నిమిషం పడుతుంది, చేయి అలవాటయ్యాక గంటకు వంద ప్యాకెట్లు కష్టమేమీ కాదు. మూత లోతు తప్పక కొలవండి, జంతికల కవరు లావు పది సెంటీమీటర్లుంటే చదునైన మూత కింద అది పట్టదు. మీ ఊళ్లో సాయంత్రం కరెంటు ఓల్టేజి పడిపోయేటట్లయితే స్టెబిలైజరు ధర కూడా ఇప్పుడే లెక్కలో కలుపుకోండి. పట్టీ మీది టెఫ్లాన్ టేపు, దాని కింది వేడి తీగ, ఎదురుగా ఉండే సిలికాన్ రబ్బరు, మూత చుట్టూ ఉండే రబ్బరు, పంపు నూనె, ఈ అయిదూ అరిగేవే. వాటిని మీ ఊరికి రెండు రోజుల్లో పంపగలిగిన డీలరు, కొంచెం ఎక్కువ ధర చెప్పినా నాకు మేలనిపిస్తాడు. 2020లో కేంద్రం మొదలుపెట్టిన చిన్న ఆహార పరిశ్రమల పథకం, పీఎంఎఫ్‌ఎంఈ కింద యంత్రాల ఖర్చులో 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షల రూపాయల దాకా రుణంతో ముడిపడిన సబ్సిడీ ఇస్తూ వచ్చారు. బయానా ఇచ్చే ముందే జిల్లా పరిశ్రమల కేంద్రానికి వెళ్లి ఇప్పటి దరఖాస్తు సంగతి కనుక్కోండి, కొన్నాక వెళితే లాభం ఉండదు.

డీలరు దగ్గరకు వెళ్లేటప్పుడు మీ జంతికలు, మీ ఆవకాయ, మీరు వాడబోయే కవర్లు మీరే పట్టుకెళ్లండి, వాళ్లు చూపించే బాదం పప్పు ప్యాకెట్ చూసి మురిసిపోకండి. ఒక గాజు గ్లాసులో వేలెడు మామూలు నీళ్లు పోసి ఛాంబర్‌లో పెట్టి ఒకేసారి నడిపించమనండి. 30 డిగ్రీల నీళ్లు 42 మిల్లీబార్ల దగ్గర మరుగుతాయి, కనుక పొయ్యి లేకుండానే ఆ నీళ్లు తెర్లడం మీ కంటికి కనిపిస్తే పంపు సుమారు 96 శాతానికి చేరిందన్న మాట. కనిపించకపోతే మీటరు ముల్లు ఏం చూపించినా నమ్మకండి. తరువాత అయిదారు ప్యాకెట్లు సీల్ వేయించి ఇంటికి తెచ్చి, బకెట్ నీళ్లలో ముంచి చేత్తో నొక్కి, సీల్ మూలల దగ్గర బుడగలు వస్తున్నాయేమో చూడండి. రాకపోతే వాటిని రాత్రంతా వదిలేసి పొద్దున్నే మళ్లీ చూడండి, సన్నగా గాలి కారడం తెల్లారేసరికి గానీ బయటపడదు.

యంత్రం వచ్చాక తేదీ వేయడానికి తొందరపడకండి. నైట్రోజన్ నింపిన జంతికల ప్యాకెట్లు ఇరవై తీసి, మీ ఇంట్లో ఎండాకాలం ఎక్కువ వేడెక్కే గదిలో పెట్టి, వారానికొకటి విప్పి, పాత పద్ధతి ప్యాకెట్ పక్కన పెట్టి మీ అత్తగారి చేత కళ్లు మూసుకుని రుచి చూపించండి. మొదటిసారి ఆమె ముఖం చిట్లించిన వారానికి ముందు రెండు వారాలు తగ్గించి, దానినే గడువుగా కవరు మీద వేయండి. చికెన్ పచ్చడి పీహెచ్, వాటర్ యాక్టివిటీ అంకెలు ప్రయోగశాల నుంచి వచ్చాక, మీరు ముక్కలను ఎంతసేపు వేయించారో, కిలోకు ఎన్ని నిమ్మకాయలు పిండారో కూడా కలిపి నాకు మళ్లీ రాయండి. దాని కవరు సంగతి అప్పుడు చెబుతాను.